టిక్ పెట్టింది 41కి, అప్రూవ్ అయింది 42

ఫిర్యాదు ఒక్క వాక్యం: "నేను టిక్ పెట్టిన బిల్లు వదిలేసి దాని పైది అప్రూవ్ అవుతోంది." వచ్చిన బిల్లుల్ని చూసి, కట్టాల్సినవాటికి టిక్ పెట్టి, కింద ఉన్న అప్రూవ్ బటన్ నొక్కే స్క్రీన్ అది. అకౌంట్స్ వాళ్లు రోజంతా దాని ముందే కూర్చుంటారు. మొదట దీన్ని యూజర్ పొరపాటని రాసి మూసేశారు. మూసేయడానికి వాళ్ల కారణం వాళ్లకుంది. సర్వర్ లాగ్ చూస్తే బ్రౌజర్ నుంచి 42వ బిల్లు ఐడీయే వచ్చింది. డెవలపర్ తన మెషీన్‌లో ఎన్నిసార్లు టిక్ పెట్టి అప్రూవ్ కొట్టినా సరైన బిల్లే వెళ్తోంది. రిపోర్ట్ చేసిన మనిషి మాత్రం "బటన్ నొక్కేముందు కూడా చూశాను, 41కే టిక్ ఉంది" అని పట్టుబట్టారు. ఆ చివరి మాట నిజమే. ఈ కేసులో ఆసక్తికరమైన సంగతి కూడా అదే.

డెవలపర్ మెషీన్‌లో బగ్ కనిపించకపోవడానికి కారణం చాలా సాదా. అతని టెస్ట్ డేటాలో లిస్ట్ కదలదు. అసలు వాడకంలో అది కదులుతూనే ఉంటుంది. కొత్త బిల్లు రాగానే పైన చేరుతుంది, ఎవరైనా గడువు తేదీ మారిస్తే వరస మారుతుంది, పక్క మనిషి అప్రూవ్ చేసింది లిస్ట్‌లోంచి పోతుంది. చెక్‌బాక్స్ బగ్ రిపోర్ట్ ఏది వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న "టిక్ పెట్టిన తర్వాత, బటన్ నొక్కేలోపు లిస్ట్ కదిలిందా?" అనే. యూజర్లు ఆ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు. లిస్ట్ కదలడం వాళ్లకి వింతేమీ కాదు కదా.

కాబట్టి లిస్ట్‌ని కదిలించి చూశాం. స్క్రీన్ మీద పైనుంచి కిందకి 43, 42, 41 ఉన్నాయి. మూడో స్థానంలో ఉన్న 41కి టిక్ పెట్టాం. ఇంతలో 44 వచ్చి పైన చేరింది. ఇప్పుడు వరస 44, 43, 42, 41. టిక్ మాత్రం మూడో స్థానంలోనే ఉండిపోయింది, అంటే ఇప్పుడు 42 పక్కన కనిపిస్తోంది. ఇది చూసిన యూజర్ ఏం చేస్తారు? "అరే, తప్పు దానికి పడిందే" అనుకుని 42 మీద టిక్ తీసేసి 41కి పెడతారు. స్క్రీన్ ఇప్పుడు సరిగ్గా ఉంది. 41కి ఒక్కదానికే టిక్ ఉంది. అప్రూవ్ నొక్కితే 42 వెళ్తుంది.

ఎలాగో తెలియాలంటే ఆ స్క్రీన్‌లో టిక్‌ని ఎవరెవరు గుర్తుపెట్టుకుంటున్నారో చూడాలి. రియాక్ట్‌లో (వెబ్ స్క్రీన్లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) రాసిన స్క్రీన్. ఒక్కో బిల్లుకి ఒక్కో రో కాంపోనెంట్ (స్క్రీన్‌లో ఒక ముక్క), దాని లోపల యూజ్‌స్టేట్‌తో, అంటే ఆ ముక్క సొంతంగా గుర్తుపెట్టుకునే స్టేట్‌తో, సొంత టిక్. పైన ఉన్న పేరెంట్ కాంపోనెంట్‌లో సెలెక్ట్ అయిన బిల్లు ఐడీల సెట్ వేరే. రో మీద క్లిక్ చేస్తే రో తన టిక్ తిప్పుకుని, పేరెంట్‌కి "ఈ ఐడీని టాగుల్ చెయ్యి" అని చెబుతుంది. ఉంటే తీసెయ్యి, లేకపోతే పెట్టు, అంతే. ఒకే సమాచారానికి రెండు కాపీలు. పైగా రెండో కాపీకి "టిక్ ఉంది" అని గానీ "లేదు" అని గానీ ఎవరూ చెప్పరు, "తిప్పు" అని మాత్రమే చెబుతారు.

ఇప్పుడు మళ్లీ నడిపి చూడండి. 41కి టిక్ పెట్టగానే పేరెంట్ సెట్‌లో 41 చేరింది. లిస్ట్ కదిలాక యూజర్ 42 టిక్ తీసేశారు. పేరెంట్‌కి వెళ్లిన మాట "42ని టాగుల్ చెయ్యి". 42 సెట్‌లో లేదు కాబట్టి చేరింది. తర్వాత 41కి టిక్ పెట్టారు. 41 సెట్‌లో ఉంది కాబట్టి పోయింది. మిగిలింది 42 ఒక్కటే. అంటే స్క్రీన్ చూసి జాగ్రత్తగా సరిచేసుకున్న మనిషికే తప్పు బిల్లు అప్రూవ్ అవుతుంది. టిక్ జారిందన్న సంగతే గమనించకుండా బటన్ నొక్కేసిన వాళ్లకి సరైన బిల్లు వెళ్లిపోతుంది! అందుకే ఫిర్యాదులన్నీ శ్రద్ధగా పనిచేసేవాళ్ల దగ్గర్నుంచే వచ్చాయి.

టిక్ ఎందుకు జారింది? లిస్ట్ రెండర్ చేసేటప్పుడు, అంటే స్క్రీన్ మీద గీసేటప్పుడు, ఏ రో ఏదో రియాక్ట్ గుర్తుపట్టడానికి కీ ఇవ్వాలి. ఆ కీగా ఇండెక్స్ ఇచ్చారు, అంటే లిస్ట్‌లో ఎన్నోది అనే అంకె, సున్నా నుంచి లెక్క. కీ ఇవ్వకపోతే రియాక్ట్ కన్సోల్‌లో వార్నింగ్ ఇస్తుంది. ఇండెక్స్ ఇస్తే వార్నింగ్ పోతుంది, ప్రవర్తన మాత్రం కీ ఇవ్వనప్పటిలాగే ఉంటుంది, ఎందుకంటే కీ లేనప్పుడు రియాక్ట్ వాడేదీ స్థానాన్నే. రియాక్ట్ దృష్టిలో కాంపోనెంట్ స్టేట్ అంటే "ఈ చోట, ఈ రకం, ఈ కీ ఉన్నదాని స్టేట్". కీ 2 అనేది నిన్నా ఉంది, ఇవాళా ఉంది, కాబట్టి దాని టిక్ అలాగే ఉంచి లోపలి బిల్లు వివరాలు మాత్రం మార్చింది. కుర్చీ నంబరు చూసి హాజరు వేస్తూ, మనుషులు కుర్చీలు మారినా పట్టించుకోనట్టు.

ఇక్కడికి రాగానే టీమ్‌లో అందరూ అన్నది ఒకటే: కీ మార్చేస్తే సరిపోతుంది కదా. దీనితో నేను ఒప్పుకోలేదు. ఈ రకం బగ్ గురించి చెప్పేవాళ్లు చాలామంది కీ దగ్గరే ఆగిపోతారు. కీ సరిచేస్తే టిక్ బిల్లుతోపాటు కదులుతుంది, నిజమే. కానీ రెండు కాపీలు రెండు కాపీలుగానే ఉంటాయి. ఇదే స్క్రీన్‌లో వెండార్ పేరుతో వెతికే ఫిల్టర్ ఉంది. 41కి టిక్ పెట్టి, ఫిల్టర్‌లో ఇంకో పేరు కొడితే 41 రో అన్‌మౌంట్ అవుతుంది, అంటే స్క్రీన్ నుంచి పూర్తిగా పోతుంది, దాని సొంత టిక్ పోతుంది. ఫిల్టర్ తీసేస్తే 41 టిక్ లేకుండా తిరిగొస్తుంది. పేరెంట్ సెట్‌లో మాత్రం 41 ఇంకా ఉంది. మళ్లీ టిక్ పెడితే టాగుల్ అయి పోతుంది. కీ ఎంత బాగున్నా ఇది ఆగదు.

మేము మొదట మార్చింది స్టేట్ ఉన్న చోటు. రో లోపలి యూజ్‌స్టేట్ తీసేశాం. రోకి టిక్ ఉందా లేదా అన్నది పేరెంట్ సెట్‌లో ఆ ఐడీ ఉందా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది, దాన్నే చెక్డ్ అనే ప్రాప్‌గా (పేరెంట్ రోకి ఇచ్చే విలువగా) పంపిస్తాం. క్లిక్ అయినప్పుడు టాగుల్ అనే మాటే లేదు. చెక్‌బాక్స్ కొత్త విలువ ఏదో ఈవెంట్‌లోంచి తీసి, "41, అవును" లేదా "41, కాదు" అని పంపుతాం. ఒకే మాట రెండుసార్లు వెళ్లినా ఫలితం మారదు. ఈ మార్పు ఒక్కటే చేసి, కీ ఇండెక్స్‌గానే ఉంచి నడిపి చూపించాను. 44 వచ్చి చేరినా టిక్ 41 మీదే ఉంది. మౌస్‌తో పనిచేసేవాళ్లకి బగ్ పోయినట్టే.

అలాగని కీని అలా వదిలేయలేం. కీబోర్డ్‌తో పనిచేసేవాళ్లని చూడండి. 41 చెక్‌బాక్స్ మీద ఫోకస్ ఉంది, స్పేస్ నొక్కబోతున్నారు, ఈలోగా 44 వచ్చింది. కీ ఇండెక్స్ అయితే డామ్‌లో (బ్రౌజర్ లోపల పేజీ ఉండే రూపం) మూడో చెక్‌బాక్స్ అక్కడే ఉంటుంది, ఫోకస్ దాని మీదే ఉంటుంది, చుట్టూ రాసి ఉన్న బిల్లు మాత్రం 42 అయిపోతుంది. స్పేస్ నొక్కితే 42కి టిక్. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి ఇది ఇంకా ఘోరం, ఎందుకంటే పేరు మారిన సంగతి వాళ్లకి వినిపించకపోవచ్చు. ఇదే రోలో "కారణం" అని రాసుకునే చిన్న టెక్స్ట్ బాక్స్ కూడా ఉంది, అది అన్‌కంట్రోల్డ్, అంటే అందులో రాసింది రియాక్ట్ దగ్గర కాక బ్రౌజర్ దగ్గరే ఉంటుంది. అందులో సగం రాసింది కూడా టిక్‌లాగే కింది బిల్లుని వదిలి పై బిల్లుకి అంటుకునేది.

కీ దేనితో ఇవ్వాలన్న దానిమీద కూడా కాస్త వాదన నడిచింది. మొదటి ప్రతిపాదన బిల్లు నంబరు. చూడ్డానికి బాగుంది, కానీ బిల్లు నంబరు ఇచ్చేది వెండార్. ఇద్దరు వెండార్లకి ఒకే నంబరుతో బిల్లులు ఉండొచ్చు, డేటాలో ఉన్నాయి కూడా. ఒకే లిస్ట్‌లో రెండు కీలు ఒకటైతే రియాక్ట్ వార్నింగ్ ఇవ్వడమే కాదు, వరస మారినప్పుడు ఒక రో రెండుసార్లు కనిపించడమో, అసలు మాయమవడమో జరగొచ్చు. చివరికి డేటాబేస్ ఐడీ తీసుకున్నాం. ఇంకా సేవ్ కాని కొత్త లైన్లకి ఆ ఐడీ ఉండదు కాబట్టి, లైన్ పుట్టినప్పుడే బ్రౌజర్‌లో ఒక యూయూఐడీ (ఇంకో లైన్‌కి రాని పొడవాటి ఐడీ) ఇచ్చేశాం. సేవ్ అయి సర్వర్ ఐడీ వచ్చాక కూడా కీగా ఆ పాతదే ఉంచాలి. మధ్యలో కీ మారిస్తే రియాక్ట్ పాత రోని పడేసి కొత్తది కట్టుకుంటుంది, టైప్ చేస్తున్నవాళ్ల కర్సర్ ఎగిరిపోతుంది.

వేరే స్క్రీన్‌లో ఎవరో ఇదివరకే ఈ బగ్‌తో కుస్తీ పట్టి, కీ దగ్గర మ్యాథ్ డాట్ రాండమ్ (ప్రతిసారీ ఏదో ఒక కొత్త అంకె) పెట్టి వదిలేశారు. ప్రతి రెండర్‌కీ అన్ని రోలూ కొత్తగా పుట్టడమే. టిక్ తప్పు బిల్లుకి జారదు, నిజమే, ఎందుకంటే అసలు నిలవదు.

ఇక బ్రౌజర్ సంగతి. వెతుకులాటలో టీమ్‌ని ఎక్కువ తికమక పెట్టింది బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో పేజీ హెచ్‌టీఎమ్‌ఎల్ చూపించే ఎలిమెంట్స్ ప్యానెల్. అక్కడ ఒక ఇన్‌పుట్ దగ్గర చెక్డ్ అని రాసి ఉంటుంది, స్క్రీన్ మీద దానికి టిక్ ఉండదు. లేదా దీనికి తలకిందులు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో చెక్డ్ అట్రిబ్యూట్ చెప్పేది డిఫాల్ట్ విలువ మాత్రమే. ఇప్పుడు టిక్ ఉందా లేదా అన్నది చెక్డ్ ప్రాపర్టీలో ఉంటుంది. యూజర్ ఒకసారి క్లిక్ చేసినా, స్క్రిప్ట్ ఆ ప్రాపర్టీని ఒకసారి మార్చినా, బ్రౌజర్ ఆ చెక్‌బాక్స్‌ని లోపల "ముట్టుకున్నది"గా గుర్తు పెట్టుకుంటుంది. స్పెసిఫికేషన్‌లో దీని పేరు డర్టీ చెక్డ్‌నెస్ ఫ్లాగ్. ఆ తర్వాత అట్రిబ్యూట్ ఎంత మార్చినా టిక్ కదలదు. ఫారం రీసెట్ చేస్తేనే ఆ గుర్తు చెరిగి, టిక్ మళ్లీ అట్రిబ్యూట్ మాట వింటుంది. జేక్వెరీ లైబ్రరీ 2011లో 1.6 వెర్షన్‌లో ప్రాప్ అనే మెథడ్‌ని వేరుగా తెచ్చింది ఈ రెండింటినీ విడదీయడానికే. ఈ ప్రాజెక్ట్‌లో ఫ్రేమ్‌వర్క్ లేకుండా రాసిన పాత ప్రింట్ పేజీ ఒకటుంది. అందులో సార్ట్ చేశాక సెట్‌అట్రిబ్యూట్‌తో టిక్‌లు పెడుతున్నారు. పేజీ తెరిచి ముట్టుకోకుండా సార్ట్ చేస్తే అన్నీ సరిగ్గా వస్తాయి. ఒక్కసారి క్లిక్ చేసిన చెక్‌బాక్స్ మాత్రం ఆ తర్వాత చెప్పిన మాట వినదు. టెస్టింగ్‌లో దొరకకుండా వాడకంలో బయటపడేది సరిగ్గా ఇలాంటిదే.

ఈ తేడా కంటికి కనబడాలంటే చిన్న ఉపాయం ఉంది. సీఎస్‌ఎస్‌లో చదరపు బ్రాకెట్ల చెక్డ్ సెలెక్టర్ అట్రిబ్యూట్‌ని చూస్తుంది, కోలన్ పెట్టిన చెక్డ్ ఇప్పటి అసలు స్థితిని చూస్తుంది. "అట్రిబ్యూట్ ఉంది, కానీ టిక్ లేదు" అన్నవాటికి ఎర్ర అవుట్‌లైన్, "టిక్ ఉంది, అట్రిబ్యూట్ లేదు" అన్నవాటికి నీలం అవుట్‌లైన్ వేసే రెండు లైన్ల స్టైల్ రాసి పేజీలో పడేయండి. రంగు కనిపించినంత మాత్రాన బగ్ అని కాదు. కానీ ఎలిమెంట్స్ ప్యానెల్‌ని ఎక్కడ నమ్మకూడదో వెంటనే తెలిసిపోతుంది.

కీ, స్టేట్ రెండూ సరిచేసి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో రిపోర్ట్ వచ్చింది: "కింది లిస్ట్‌లో బిల్లు పేరు మీద నొక్కితే పై లిస్ట్‌లో టిక్ పడుతోంది." పేజీలో రెండు లిస్ట్‌లు ఉన్నాయి, గడువు దాటినవి, మిగతావి. రెండింట్లోనూ చెక్‌బాక్స్ ఐడీని "బిల్" పక్కన ఇండెక్స్ అతికించి తయారు చేస్తున్నారు. అంటే బిల్-0 అనేది పేజీలో రెండు చోట్ల ఉంది. లేబుల్ ఆ ఐడీతో వెతికితే డామ్‌లో ముందు కనిపించినదాన్నే పట్టుకుంటుంది. చెక్‌బాక్స్ మీదే నొక్కేవాళ్లకి ఈ తేడా తెలియదు, పేరు మీద నొక్కేవాళ్లకే తెలుస్తుంది. రియాక్ట్ 18లో యూజ్‌ఐడీ వచ్చింది ఇలాంటి అవసరాలకే. మేము ఇంకా తేలిక దారి పట్టాం, చెక్‌బాక్స్‌ని లేబుల్ లోపలే పెట్టేశాం, ఐడీ అవసరమే పోయింది.

ఇలా ఒకటి తర్వాత ఒకటి బయటపడుతుంటే కోడ్ మొత్తంలో ఇండెక్స్ అన్న మాట కోసం వెతికాం. దొరికినవాటిలో చాలావరకు హాని లేనివే. రెండు మాత్రం ప్రమాదకరమైనవి. ఒకటి, అప్రూవ్ రిక్వెస్ట్‌కి జవాబు వచ్చాక "ఇన్నో బిల్లుని అప్రూవ్డ్ అని చూపించు" అనే కోడ్. రిక్వెస్ట్ వెళ్లినప్పటి ఇండెక్స్ క్లోజర్‌లో (ఫంక్షన్ అప్పటికి పట్టి ఉంచుకున్న విలువల్లో) ఉండిపోతుంది, జవాబు వచ్చేసరికి లిస్ట్ మారి ఉంటుంది. రెండోది షిఫ్ట్ పట్టుకుని నొక్కి వరసగా టిక్‌లు పెట్టే సౌకర్యం. మొదటి క్లిక్ ఎక్కడ జరిగిందో ఇండెక్స్‌గా దాచుకుంటున్నారు. రెండింటికీ మందు ఒకటే, ఐడీ దాచుకుని, వాడేటప్పుడు అది ఇప్పుడు ఎన్నో స్థానంలో ఉందో లెక్కేసుకోవడం. ఆ ఐడీ లిస్ట్‌లో లేకపోతే షిఫ్ట్ క్లిక్‌ని మామూలు క్లిక్‌గా తీసుకోవడం.

సర్వర్ వైపు కూడా ఇదే జబ్బు ఉందని పాత ప్రింట్ పేజీ చూస్తేనే తెలిసింది. అది మామూలు ఫారంగా సబ్‌మిట్ అవుతుంది. ప్రతి లైన్‌కీ బిల్లు ఐడీ ఒక దాచిన ఫీల్డ్‌లో, పక్కన చెక్‌బాక్స్, రెండూ అర్రేలుగా (వరస జాబితాలుగా) వెళ్తాయి. సర్వర్ రెండు అర్రేలని జతచేసి చదువుతుంది. కానీ టిక్ లేని చెక్‌బాక్స్‌ని బ్రౌజర్ అసలు పంపదు. పది ఐడీలు వెళ్తే మూడు టిక్‌లే వెళ్తాయి, సర్వర్ ఆ మూడింటినీ మొదటి మూడు బిల్లులకి అంటగడుతుంది. ఇక్కడ వరస మారక్కర్లేదు కూడా. చెక్‌బాక్స్ వాల్యూలోనే బిల్లు ఐడీ పెట్టి, వచ్చిన విలువలే సెలెక్ట్ అయిన బిల్లులని సర్వర్‌కి చెప్పడంతో అది తీరిపోయింది. అదే పేజీలో ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు రీలోడ్ చేస్తే పాత టిక్‌లు తిరిగి కనిపించేవి. రీలోడ్ అప్పుడు ఫారంలో నింపినవి నిలబెట్టడం ఫైర్‌ఫాక్స్ అలవాటు. ఈలోగా సర్వర్ నుంచి లిస్ట్ వేరే వరసలో వస్తే తంటానే. ఆ ఫారానికి ఆటోకంప్లీట్ ఆఫ్ పెట్టాం.

ఇదంతా రియాక్ట్ తప్పు అనుకునేవాళ్ల కోసం ఒక మాట: రియాక్ట్‌లాంటి మిగతావాటిలోనూ ఇదే కథ. వ్యూలో కీ ఇవ్వకపోతే, లిస్ట్ గీసే వీ-ఫర్ ఎలిమెంట్లని కదపకుండా ఉన్నచోటే సరిదిద్దుతుంది, డాక్యుమెంటేషన్‌లో అలాగే చెబుతారు. స్వెల్ట్‌లో ఈచ్ బ్లాక్‌కి కీ ఇవ్వకపోతే మార్పులు చివర్లోనే జరుగుతాయి. ఆంగ్యులర్ వాళ్లు 2023 నవంబర్‌లో 17వ వెర్షన్‌తో తెచ్చిన కొత్త ఫర్ బ్లాక్‌లో ట్రాక్ (అక్కడి కీ) రాయడం తప్పనిసరి చేశారు. నాకు నచ్చిన నిర్ణయం అది. అయితే అక్కడా ఇండెక్స్ రాసి తప్పించుకోవచ్చు. లిట్‌లో ఇంకో మెలిక ఉంది. అది కొత్త విలువని తను కిందటిసారి రెండర్ చేసిన విలువతో పోలుస్తుంది గానీ డామ్‌తో కాదు. మధ్యలో యూజర్ టిక్ మార్చినా దానికి తెలియదు, అందుకే లైవ్ అనే డైరెక్టివ్ ఇచ్చారు. ఆండ్రాయిడ్‌లో లిస్ట్ చూపించే రీసైక్లర్‌వ్యూ స్క్రోల్ చేస్తే టిక్‌లు తారుమారయ్యేదీ ఈ కుటుంబంలోనిదే.

టెస్టుల దగ్గర కాస్త ఎక్కువ టైమే పెట్టాం. ఉన్న టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి, ఎందుకంటే ఏ టెస్టులోనూ క్లిక్‌కీ తనిఖీకీ మధ్య లిస్ట్ కదలదు. పైగా కొన్ని "మూడో చెక్‌బాక్స్‌ని నొక్కు" అని రాసినవి. అంటే టెస్ట్ కూడా బిల్లుని స్థానంతోనే పిలుస్తోంది. స్క్రీన్ హెచ్‌టీఎమ్‌ఎల్‌ని దాచుకుని పోల్చే స్నాప్‌షాట్ టెస్టులూ ఇక్కడ పెద్దగా పనికిరావు, హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మార్చినప్పుడు అట్రిబ్యూట్ వస్తుంది గానీ ఇప్పటి టిక్ రాదు. కొత్త టెస్టులో చెక్‌బాక్స్‌ని బిల్లు పేరుతో వెతుకుతాం, టిక్ పెడతాం, పైన కొత్త బిల్లు చేరుస్తాం, ఫిల్టర్ పెట్టి తీస్తాం, ఒక టిక్ మార్చి అప్రూవ్ నొక్కుతాం. చివర్లో చూసేది స్క్రీన్‌ని కాదు, సర్వర్‌కి వెళ్లిన ఐడీలని. దీనికి తోడు టిక్, చేర్చు, తీసెయ్యి, సార్ట్ అనే పనుల్ని యాదృచ్ఛికంగా కలిపి నడిపే టెస్ట్ ఒకటి రాశాం. పక్కన ఐడీకి టిక్ ఉందో లేదో రాసుకునే చిన్న మ్యాప్ పెట్టుకుని, ప్రతి అడుగు తర్వాత స్క్రీన్‌నీ మ్యాప్‌నీ పోలుస్తుంది. పాత కోడ్ మీద నడిపితే అది వెంటనే ఫెయిల్ అయింది. టెస్ట్ మీద నమ్మకం కుదరాలంటే అలా ఒకసారి ఫెయిలవడం చూడాల్సిందే.

కోడ్ అంతా సరిగ్గా ఉన్నా, వేలు నొక్కబోతున్న క్షణంలో లిస్ట్ ఒక మెట్టు కిందకి జరిగితే టిక్ తప్పు బిల్లుకే పడుతుంది. దాన్ని ఏ కీ ఆపలేదు. కాబట్టి ఒక్క టిక్ అయినా ఉన్నంతసేపు వరస మారకుండా ఆపేశాం. కొత్తవి వస్తే పైన "కొత్త బిల్లులు వచ్చాయి" అనే పట్టీ కనిపిస్తుంది, నొక్కితేనే చేరతాయి. పక్క మనిషి అప్రూవ్ చేసినది మాయమయ్యే బదులు బూడిద రంగులోకి మారి అక్కడే ఉంటుంది. కన్ఫర్మ్ డైలాగ్‌లో ఇంతకుముందు "3 బిల్లులు అప్రూవ్ చేయాలా?" అని ఉండేది. ఇప్పుడు ఏ వెండార్, ఎంత మొత్తం అని ఆ మూడు బిల్లుల వివరాలూ పేరెంట్ సెట్‌లోంచి తీసి చూపిస్తుంది, ఫిల్టర్ వల్ల కనబడనివి కూడా. ఆ డైలాగ్ మొదటినుంచీ ఇలా ఉండుంటే 42 అక్కడే దొరికిపోయేది.

"అన్నీ సెలెక్ట్ చెయ్యి" అన్నది ఇంకా తేలలేదు. ఫిల్టర్ పెట్టి ఉన్నప్పుడు అది కనిపించేవాటికేనా, మొత్తానికా? మేము ప్రస్తుతానికి కనిపించేవాటికే అని పెట్టాం. కొన్నింటికే టిక్ ఉంటే మధ్యస్థ గీత చూపిస్తున్నాం, దానికి ఇన్‌డిటర్మినేట్ ప్రాపర్టీని స్క్రిప్ట్ నుంచే పెట్టాలి, అట్రిబ్యూట్ లేదు. అకౌంట్స్ వాళ్లు మాత్రం మొత్తానికీ కావాలంటున్నారు. ఈలోగా కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌లో ఇండెక్స్‌ని కీగా వాడొద్దనే రూల్ ఆన్ చేశాం. ఎప్పటికీ కదలని మెనూల్లాంటి లిస్ట్‌ల దగ్గర అది ఊరికే గోల పెడుతుంది. అలాంటి చోట్ల రూల్ ఆపుతూ, ఈ లిస్ట్ ఎందుకు కదలదో ఒక లైన్ కామెంట్ రాయమన్నాం. ఆ లైన్ రాయడానికి కారణం దొరకని లిస్ట్‌లు అప్పుడే మూడు బయటపడ్డాయి. వచ్చే వారం వాటి పని.